మెదడునకు కావలివారు

కాలిలో ముల్లు విఱిగినపుడు ఆ చోటు ఎఱ్ఱబడి, వాచి, రెండు మూడు దినములలో చీము పట్టుట మనమందఱము ఎఱిగినదే. ఆ చీము ఊరక పుట్టినది కాదు. ముల్లుతోపాటు చర్మము దాటి లోనికి వచ్చిన సూక్ష్మజీవులతో పోరాడి ప్రాణములు విడిచిన తెల్లరక్తకణములే అందులో ముఖ్యభాగము. శరీరమున ఏ మూల గాయమైనను, రక్తము ఈ యోధులను అచ్చటికి కొనిపోవును. వారు శత్రువులను చుట్టుముట్టి మ్రింగివేయుదురు. ఇట్టి కాపుదల మన దేహమునకు లేకున్నచో చిన్న గీత సైతము ప్రాణాంతకమై యుండెడిది.

అయితే మెదడు సంగతి వేఱు. అది కపాలమను ఎముకల పెట్టెలో భద్రపఱుపబడి యున్నది. ఎముక క్రింద మూడు పొరలు కలవు. వానినడుమ తేటనీటివంటి ద్రవము నిండియుండి దెబ్బల తాకిడిని తగ్గించును. అంతేకాదు. మెదడులోని సన్నని రక్తనాళముల గోడలలో కణములు ఒకదాని నొకటి బిగియ హత్తుకొని యుండును. అవి ప్రాణవాయువును, చక్కెరను, మఱికొన్ని అవసర పదార్థములను మాత్రమే లోనికి రానిచ్చి, తక్కిన వానిని చాలవఱకు వెలుపలనే నిలుపును. ఆరోగ్యదశలో రక్తమునందలి తెల్లకణములు కూడ ఈ గోడలు దాటి మెదడులోనికి విచ్చలవిడిగా పోజాలవు.

కోటగోడ యెంత దృఢమైనదైనను, లోపల కావలి లేని కోట నిలువదు గదా! ఎప్పుడో యొకప్పుడు ఏ సూక్ష్మజీవియో సందు చూచుకొని లోన జొరబడవచ్చును. దెబ్బ తగిలి కొన్ని కణములు నశింపవచ్చును. అప్పుడు శత్రువు నెదుర్కొనువా రెవరు? చచ్చిన కణములను తొలగించి చోటు శుభ్రపఱుచువా రెవరు? ఈ ప్రశ్నకు సమాధానము దొరకుటకు శాస్త్రజ్ఞులకు చాలకాలము పట్టినది. ఆ సమాధానము పేరే మైక్రోగ్లియా.

మానవుని మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణములు కలవు. మనము చూచుట, వినుట, ఆలోచించుట, జ్ఞాపకముంచుకొనుట యన్నియు వానివలననే జరుగుచున్నవి. కాని మెదడులో ఉన్నవి నాడీకణములు మాత్రమే కావు. జర్మనీ దేశీయుడైన రుడాల్ఫ్ విర్ఖో అను వైద్యుడు నాడీకణములనడుమ మఱియొక పదార్థ మున్నదని గుర్తించి, 1856లో దానికి న్యూరోగ్లియా అని పేరిడెను. గ్రీకుభాషలో గ్లియా యనగా జిగురు. గోడలో ఇటుకలను సున్నము పట్టియుంచినట్లు, నాడీకణములను ఈ జిగురు పట్టియుంచుచున్నదని ఆయన తలంచెను. ఆ జిగురు అనేకరకముల సజీవకణముల సముదాయమని తరువాత తేలినను, పేరు మాత్రము మాఱలేదు.

ఈ కణములను వేఱువేఱుగా గుర్తించుట సులభము కాదు. మెదడును పలుచని పొరగా కోసి సూక్ష్మదర్శిని క్రింద ఉంచినచో, అంతయు రంగులేని మసకగా కనిపించును. ఏ కణమునకు ఏ రంగు పట్టునో కనుగొన్నగాని దాని ఆకారము కంటికి దొరకదు. ఈ విద్యలో ఆరితేరినవాడు స్పెయిన్ దేశపు శాస్త్రజ్ఞుడు సాంతియాగో రామోన్ ఇ కహాల్. ఆయన నాడీకణముల రూపమును అద్భుతమైన చిత్రములుగా గీచి, 1906లో ఇటలీ శాస్త్రజ్ఞుడు కామిల్లో గాల్జీతోపాటు నోబెల్ బహుమానము నందుకొనెను. మెదడులో మొదటిది నాడీకణము. రెండవది నక్షత్రాకారము గల జిగురుకణము. ఈ రెండును గాక మూడవ తెగ కణములు కొన్ని ఉన్నవని కహాల్ గమనించెను. కాని ఆయన వాడిన రంగులకు అవి లొంగలేదు. వాని కొమ్మలు కనబడక, గుండ్రని ముద్దలుగా మాత్రమే అవి తోచెను. అందుచే ఆయన వానిని 'మూడవ అంశము' అని మాత్రము పిలిచి యూరకుండెను.

ఆ మూడవ అంశపు ముసుగు తొలగించినవాడు పియో దెల్ రియో ఓర్తేగా. ఆయన 1882లో స్పెయిన్‌లో వల్యదోలిద్ నగరమునకు సమీపమున పోర్తియో అను గ్రామమున జన్మించెను. వైద్యవిద్య ముగించి, కొంతకాలము తన గ్రామముననే వైద్యము చేసెను. కాని ఆయన మనసు సూక్ష్మదర్శినిపైనే యుండెను. మాద్రిద్ నగరమునకు పోయి నికొలాస్ అచూకారో అను గురువుకడ కణములకు రంగుపట్టించు విద్య నేర్చెను. 1918లో అచూకారో అకాలమరణము నొందెను. గురువు నేర్పిన పద్ధతిని శిష్యుడు మార్చి మార్చి ప్రయత్నించి, వెండి లవణములతో క్రొత్త రంజకమును సిద్ధపఱచెను. ఆ రంజకము తగిలినంతనే అంతవఱకు ముద్దలుగా కనబడిన కణములు చిన్నశరీరమునుండి నలుదిక్కులకు చాపిన సన్నని కొమ్మలతో, ముళ్లచెట్లవలె స్పష్టముగా ప్రత్యక్షమయ్యెను.

1919లో ఓర్తేగా తన పరిశోధనలను వరుసగా ప్రకటించెను. కహాల్ చెప్పిన మూడవ అంశమున నిజమునకు రెండు తెగలు కలవని ఆయన నిరూపించెను. నాడీకణముల పొడవైన తీగలపై క్రొవ్వుపొరను చుట్టునది ఒక తెగ. రెండవ తెగకు ఆయన మైక్రోగ్లియా యని పేరిడెను. మైక్రో యనగా సూక్ష్మము. ఈ చిన్నకణములు మెదడులో పుట్టినవి కావనియు, శిశువు గర్భమున నున్నపుడే వెలుపలినుండి వచ్చి మెదడులో స్థిరపడినవనియు ఆయన చెప్పెను. మెదడునకు గాయమైనపుడు ఇవి కొమ్మలను ముడుచుకొని, గుండ్రముగా మాఱి, గాయమువైపు కదలి, శిథిలములను మ్రింగునని కూడ ఆయన వర్ణించెను. రోగముచే చెడిన మెదడులో ఇవి రూపము మార్చుకొను విధమును మెట్టుమెట్టుగా చిత్రించి చూపెను.

ఇంతటి ఆవిష్కరణము చేసినను ఆయన మార్గము పూలబాట కాలేదు. కహాల్ మొదట ఈ వాదమును సంపూర్ణముగా అంగీకరింపలేదు. ప్రయోగశాలలో మనస్పర్థలు కూడ పెరిగెను. 1920లో ఓర్తేగా ఆ ప్రయోగశాలను వీడవలసివచ్చెను. మాద్రిద్‌లోని విద్యార్థుల వసతిగృహమున ఒక చిన్న ప్రయోగశాల దొరకగా, అచ్చటనే ఆయన పని సాగించెను. తరువాతి కాలమున వారిరువురికి మఱల సఖ్యము కుదిరినది. 1924లో వైల్డర్ పెన్‌ఫీల్డ్ అను యువశస్త్రవైద్యుడు అట్లాంటిక్ మహాసముద్రమును దాటివచ్చి ఆయనకడ రంగుపట్టించు పద్ధతిని అభ్యసించెను. ఆ పెన్‌ఫీల్డే పిమ్మట కెనడాలో జగత్ప్రసిద్ధుడైన మెదడు శస్త్రవైద్యుడయ్యెను.

1936లో స్పెయిన్‌లో అంతర్యుద్ధము చెలరేగెను. ఓర్తేగా స్వదేశమును విడిచి, పారిస్‌లోను ఆక్స్‌ఫర్డ్‌లోను తలదాచుకొని, చివరకు 1940లో దక్షిణ అమెరికాయందలి అర్జెంటీనా చేరెను. 1945లో బ్యూనస్ ఐరిస్ నగరమున, పరదేశముననే, కన్నుమూసెను. ఆయన అవశేషములు స్వదేశమునకు చేరినది 1986లో. మెదడులోని ప్రవాసి కణముల చరిత్రను చెప్పినవాడు తానును ప్రవాసియై మరణించుట విధి వైచిత్ర్యము కాబోలు.

ఆయన పోయిన పిదప మైక్రోగ్లియా పుట్టుకనుగూర్చిన వాదము చాలకాలము సాగెను. ఇవి మెదడులోనే పుట్టునని కొందఱు, రక్తమునుండి వచ్చిన తెల్లకణములే యని మఱికొందఱు వాదించిరి. 2010లో ఎలుకలపై జరిగిన ప్రయోగములు ఈ చిక్కును చాలవఱకు విప్పినవి. ఎలుక గర్భమున పిండము రూపు దాల్చుచుండగా దానికి వెలుపల సొనసంచి యను చిన్నసంచి యొకటి ఉండును. శరీరములో మొట్టమొదటి రక్తకణములు పుట్టునది అందులోనే. శాస్త్రజ్ఞులు ఒక నిర్ణీతదినమున ఆ సంచిలోని కణములకు చెఱగని గుర్తు పడునట్లు చేసిరి. ఎలుక పెరిగి పెద్దదైన తరువాత చూడగా, ఆ గుర్తు మెదడులోని మైక్రోగ్లియాలో కనబడెను. అనగా ఇవి ఆ సంచినుండి బయలుదేరి, పిండములో రక్తనాళములు ఏర్పడుచున్న తొలిదినములలోనే మెదడు చేరినవన్నమాట. మానవ పిండములో కూడ నాలుగైదు వారముల ప్రాయముననే ఇవి మెదడు చేరుట మొదలిడును. వెలుపలినుండి వచ్చినవని ఓర్తేగా తొంబది యేండ్లకు పూర్వము చెప్పిన మాట నిజమే. అవి బయలుదేరిన చోటు మాత్రము ఆయన ఊహించినది కాదు.

ఒకసారి వచ్చి స్థిరపడిన ఈ కణములు ఎంతకాలము బ్రదుకును? ఈ ప్రశ్నకు సమాధానము విచిత్రమైన రీతిగా లభించినది. 1963 వఱకు అగ్రరాజ్యములు గాలిలో పరమాణు బాంబులను పేల్చి పరీక్షించుటవలన, వాతావరణములో ఒక విధమైన రేడియోధార్మిక బొగ్గు పరమాణువులు పెరిగినవి. ఆ పరీక్షలు ఆగిన తరువాత అవి యేటేట తఱుగుచు వచ్చినవి. మనము తిను అన్నము ద్వారమున అవి మన కణములలో చేరును. కణము పుట్టిన సంవత్సరమున గాలిలో ఎంత ఉండెనో, దాని జన్యుపదార్థములోను అంతే నిలిచియుండును. దీనిని లెక్కించి 2017లో స్వీడన్ శాస్త్రజ్ఞులు మానవ మైక్రోగ్లియా వయస్సు సగటున 4 సంవత్సరములకు కొంచెము పైగా ఉండుననియు, కొన్ని 20 సంవత్సరములకు మించియు జీవించుననియు కనుగొనిరి. వినాశమునకై చేసిన బాంబులు ఇట్లు జీవకణముల జాతకము చెప్పుటకు పనికివచ్చినవి!

ఇక ఈ కావలివారు చేయు పని యేమో చూతము. గాయము లేనపుడు మైక్రోగ్లియా విశ్రాంతి తీసికొనుచుండునని పూర్వము తలంచెడివారు. చచ్చిన మెదడు ముక్కలలో చూచినవారికి అట్లు తోచుట సహజమే. 2005లో శాస్త్రజ్ఞులు బ్రదికియున్న ఎలుక మెదడులోనే వానిని చూడగల్గిరి. ఆ ఎలుకలలో మైక్రోగ్లియా పచ్చగా వెలుగునట్లు ముందే ఏర్పాటు చేసి, కపాలపు టెముకను మిగుల పలుచగా అఱగదీసి, ప్రత్యేకమైన సూక్ష్మదర్శినితో లోనికి చూచిరి. విశ్రాంతి యన్నమాటే అచ్చట లేదు! కణము ఉన్నచోటనే యుండి, దాని కొమ్మలు మాత్రము నిరంతరము చాగుచు, ముడుచుకొనుచు, చుట్టుప్రక్కల తడవి చూచుచుండెను. ఆ కొమ్మలు నిమిషమునకు ఒకటి రెండు మైక్రానుల దూరము కదలును. మైక్రానన మిల్లీమీటరులో వెయ్యవ వంతు. ఇంత మెల్లని నడకతోనే అవియన్నియు కలిసి కొన్ని గంటలలో మెదడు మొత్తమును ఒకసారి తడవి చూడగలవు. ఒక కణము తడవు భాగమున ప్రక్కకణము సాధారణముగా చేయి పెట్టదు. ఊరి కావలివారు వీధులు పంచుకొని గస్తీ తిరిగినట్లే ఇదియును.

అదే పరిశోధకులు లేసరు కిరణముతో ఒక చిన్నచోట గాయము చేసి చూచిరి. కొన్ని నిమిషములలోనే చుట్టునున్న మైక్రోగ్లియా కొమ్మలన్నియు గాయమువైపు తిరిగెను. సుమారు అరగంటలో దానిని కంచెవలె చుట్టుముట్టెను. గాయమైనదని వానికెట్లు తెలియును? ప్రతి కణములోను శక్తిని నిలువచేయు ఏ.టి.పి. అను పదార్థము కలదు. కణము పగిలినపుడు అది వెలుపలికి చిందును. పగిలిన కుండనుండి పాఱు నీటిజాడ పట్టి కుండ ఉన్నచోటు కనుగొన్నట్లు, మైక్రోగ్లియా ఆ పదార్థపు జాడ పట్టి గాయమును చేరును. క్రొత్తగా ఏ ఆజ్ఞయు అక్కఱలేదు. దెబ్బతిన్న కణమే తన కష్టమును చాటుకొనుచున్నది.

కావలి కాయుటతోనే వీని పని తీఱదు. ఇవి తోటమాలులు కూడ. శిశువు మెదడు పెరుగుచున్నపుడు నాడీకణములు ఒకదానితో నొకటి అవసరమునకు మించి సంధులు ఏర్పఱచుకొనును. మామిడితోటలో అడ్డదిడ్డముగా పెరిగిన కొమ్మలను కత్తిరించినగాని కాపు సరిగా పట్టదు. మెదడులో కూడ తఱచుగా పనిచేయు సంధులు బలపడవలెను. పనిలేని సంధులు తొలగవలెను. కంటినుండి మెదడునకు పోవు నాడీమార్గమున 2012లో ఎలుకలపై జరిగిన పరిశోధనమున ఈ కత్తిరింపు స్పష్టముగా కనబడెను. సూక్ష్మజీవులపై తినుటకు గుర్తుగా అంటుకొను ఒకానొక మాంసకృత్తు, పనితక్కువైన సంధులపైనను అంటుకొనును. మైక్రోగ్లియా ఆ గుర్తును గ్రహించి వానిని మ్రింగును. ఆ మాంసకృత్తు పుట్టని ఎలుకలలో అనవసరమైన సంధులు మిగిలిపోయెను. చదువుచు, ఆడుచు, చూచుచు, వినుచు పెరుగు బాలుని మెదడు ఈ విధముగానే తీర్చిదిద్దబడుచున్నదని శాస్త్రజ్ఞుల అభిప్రాయము.

ఇన్ని మేలులు చేయు కణములవలన కీడే లేదా? ఉన్నది. కంచె చేను మేసినచో కాచువా రెవరని మన పెద్దలు అందురు. మైక్రోగ్లియా శత్రువును చంపుటకు విషపదార్థములను వెలువఱచును. పోరు హద్దు మీఱినచో, ఆ విషములు ప్రక్కనున్న నాడీకణములను కూడ చంపును. వరిపొలముల నీటిలో పెరుగు దోమలు మోసికొనివచ్చు జపాను మెదడువాపు వ్యాధిని తీసికొందము. మన దేశమున ఇది 1955లో తమిళదేశపు వేలూరులో తొలుత గుర్తింపబడెను. తెలుగు జిల్లాలలోను ఇది పలుమాఱులు పసిబిడ్డలను బలిగొన్నది. బ్రదికినవారిలో కూడ కొందఱు మాటను, నడకను కోల్పోయిరి. ఈ వ్యాధిలో నాడీకణములను వైరసు తానై చంపుటయే కాక, రెచ్చిన మైక్రోగ్లియా వెలువఱచు పదార్థములును చంపుచున్నవని హర్యానాలోని మానేసర్‌నందలి జాతీయ మెదడు పరిశోధన కేంద్రమువారు 2007లో ప్రకటించిరి. వ్యాధి వచ్చిన పిదప ఈ పోరును అదుపుచేయుట కష్టము. అందుచేతనే దోమలను నివారించుట, బిడ్డలకు టీకా వేయించుట ముఖ్యము.

కావలి మితిమీఱుట ఎంత కీడో, కావలి బలహీనమగుటయు అంత కీడే. ముసలితనమున జ్ఞాపకశక్తిని హరించు వ్యాధి యొకటి కలదు. 1906లో దానిని తొలుత వివరించిన జర్మను వైద్యుడు ఆలోయిస్ ఆల్జైమర్ పేరనే అది పిలువబడుచున్నది. ఈ రోగుల మెదడులో ఒక విధమైన మాంసకృత్తు గడ్డలుగా పేరుకొనును. మైక్రోగ్లియా ఆ గడ్డలచుట్టు చేరి, అవి వ్యాపింపకుండ అడ్డుకొనజూచును. ఈ పనికి తోడ్పడు జన్యువులలో ఒకదాని పేరు ట్రెమ్2. అందులో ఒకానొక లోపముతో పుట్టినవారికి ఈ వ్యాధి వచ్చు అవకాశము ఇతరులకంటె రెండు మొదలు నాలుగు రెట్లు ఎక్కువయని 2013లో తేలినది. అయితే ఎలుకలలో ఇదే వ్యాధిని కల్పించి చూడగా, అవే కణములు ఆరోగ్యమైన నాడీసంధులను కూడ తినివేయుచుండుట కనబడెను. కనుక వీనిని పూర్తిగా అణచుట మందు కాదు. రెచ్చగొట్టుటయు మందు కాదు. ఏ దశలో అణపవలెనో, ఏ దశలో ప్రోత్సహింపవలెనో తెలిసికొనుటకే నేటి పరిశోధకులు అనేకులు శ్రమించుచున్నారు. ఇంటి పేర్లను, కన్నబిడ్డల ముఖములను మఱచిపోవుచున్న వృద్ధులకు వీరి శ్రమ ఫలించుటయే ఆశ.

బాలలారా! విర్ఖో ఏ పదార్థమును వట్టి జిగురనుకొనెనో, కహాల్ కంటికి ఏది మసకముద్దగా తోచెనో, ఓర్తేగా వెండి రంగుతో దానికి రూపము కల్పించెను. ఆయన చూచినది నిర్జీవమైన చిత్రము. తరువాతి తరమువారు అదే చిత్రము కదలుచుండుట చూచిరి. ఒకరు ఆపినచోట మఱియొకరు అందుకొని, ముందువారి మాటలో నిజమును నిలుపుకొని, పొరపాటును దిద్దుకొనుచు సాగుటయే విజ్ఞానశాస్త్రము. మీరు ఈ పాఠమును చదువుచున్న ఈ క్షణమున కూడ మీ తలలో ఆ సూక్ష్మమైన కావలివారు మీకు తెలియకుండనే గస్తీ తిరుగుచున్నారు. వారినిగూర్చి తెలియవలసినది ఇంకను ఎంతో కలదు. దానిని తెలిసికొనువారు మీలోనే ఉండవచ్చును.

ప్రశ్నలు

1. శరీరమందలి ఇతర భాగములకంటె మెదడు రక్షణ ఏ విధముగా భిన్నమైనది?
2. కహాల్ కంటికి కనబడని కణములు ఓర్తేగాకు ఎట్లు కనబడెను?
3. మైక్రోగ్లియా వయస్సును శాస్త్రజ్ఞులు ఏ రీతిగా లెక్కించిరి?
4. మైక్రోగ్లియాను తోటమాలులతో ఏల పోల్చిరి?
5. 'కంచె చేను మేయుట' అను మాట ఈ పాఠమున ఎట్లు అన్వయించునో సొంతమాటలలో వ్రాయుడు.